బొద్దుగాడి స్నానం

ముప్పై ఏడో దుప్పటి మడతపెడుతూ లాండ్రీ బాబాయ్ గోడ గడియారం వంక చూశాడు. పదకొండున్నర. దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి, ఒక్క విదిలింపు విదిలించి, సగానికి సగం చేసి బల్ల మీద వేశాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఆ వృద్ధాశ్రమంలో ఆయన ఉతకని దుప్పటి లేదు, ఎరగని మరక లేదు. ఏది మందు మరకో, ఏది కూర మరకో, ఏది మంచం దిగేలోపు ఆగలేకపోయిన పెద్దమనిషి మరకో చూడగానే చెప్పగలడు. ఈ చివరి రకం మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ముందు వాటినే ఉతికేసేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వేళ్ల కొసలు సెలవురోజున కూడా నీళ్లలో నానినట్టు తెల్లగా ముడతలు పడే ఉంటాయి. ఆయనకీ ఒక పేరుందని హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. వంటమనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ బాబాయే.

ఇవాళ్టితో ఆ బాబాయిగిరీ సరి. రేపటినుంచి బట్టలు వ్యానెక్కి ఊరవతలకి వెళ్తాయి, పెద్ద మిషన్లలో ఉతికించుకుని రెండు రోజులకి తిరిగొస్తాయి. మేనేజరు మేడం ఈ సంగతి నెల కిందట చాలా బాధగా చెప్పింది. ఆయనా అంతే బాధగా మొహం పెట్టి విన్నాడు కానీ, నిజానికి మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. దుప్పట్లు ఎవరుతికినా తెల్లబడతాయి. ఆయన బెంగల్లా బొద్దుగాడి తోలు గురించే.

బొద్దుగాడు ఒక రోబో. నాలుగేళ్ల కిందట అట్టపెట్టెలో వచ్చాడు. రెండు జానల పొడుగు, ఒళ్లంతా తెల్లటి బొచ్చు, నల్లటి పెద్ద కళ్లు. వీపు నిమిరితే కళ్లు మూసుకుని కూనిరాగం తీస్తాడు, పిలిస్తే తల తిప్పుతాడు, గట్టిగా నొక్కితే మూలుగుతాడు. మతి తప్పిన పెద్దవాళ్లకి తోడుగా ఉంటాడని తెప్పించారు. వాడేమిటన్నది ఎవరి మతిని బట్టి వాళ్లకి. రిటైరైన ఇంజను డ్రైవరుకి కుందేలు, తొమ్మిదో గది మామ్మకి మనవడు. టీచరుగారికి మాత్రం బడిపిల్లాడు. రోజులో ఎక్కువసేపు వాడుండేది ఆవిడ ఒళ్లోనే.

టీచరుగారికి ఎనభై ఒకటి. వాడు రాకముందు రోజుకి పదిసార్లు గేటు దాకా వెళ్లేది, బెల్లు కొట్టేశారని. అడ్డమొస్తే గిచ్చేది, కరిచేది. చివరికి మధ్యాహ్నం ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, ఆ రెంటి మధ్యా కుర్చీకి కట్టే నడుంపట్టీ. ఆ పట్టీ ఉతికిందీ బాబాయే. బొద్దుగాడు వచ్చాక మళ్లీ దాన్ని ఉతకాల్సిన పని పడలేదు. ఎదురుగా పిల్లాణ్ణి వదిలేసి ఏ టీచరు మాత్రం గేటు దగ్గరికి వెళ్తుంది?

తెల్ల బొచ్చు గనక మురికి పట్టక మానదు. రెండు వారాలకోసారి, శుక్రవారం, పొట్ట కింద జిప్పు తీసి తోలు విప్పాలి. మిషన్లో వేస్తే ఉండలు కడుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికి, దిండు గలీబులో చుట్టి పిండి, ఫ్యాను కింద దువ్వుతూ ఆరబెట్టి మళ్లీ తొడగాలి. ఇదంతా టీచరుగారు భోంచేసి కునుకు తీసే రెండు గంటల్లో అయిపోవాలి. తోలు లేని బొద్దుగాణ్ణి పెద్దవాళ్లెవరూ చూడకూడదని బాబాయ్ పెట్టుకున్న నియమం. బూడిదరంగు ప్లాస్టిక్కు డొక్క, వైర్లు, వాటి మధ్య అవే కళ్లు. మొదటిసారి చూసినప్పుడు ఆయనే గబుక్కున భుజం మీది తువ్వాలు తీసి కప్పేశాడు. అందుకే లోపల గడియ పెట్టుకుని గానీ జిప్పు మీద చెయ్యి వేయడు.

ఇంట్లో భార్య ఊరుకుంటుందా. "ఆ బొమ్మకి దువ్విన దాంట్లో పావువంతు నా తల దువ్వినా ఈపాటికి జుట్టు మోకాళ్ల దాకా ఉండేది," అంటుంది. అంటుందే గానీ, ఎందుకు చేస్తున్నాడో ఆవిడకి తెలుసు.

ఆయన తల్లికీ చివర్లో ఇలాగే అయింది. ఉన్న ఇంట్లోంచే ఇంటికి వెళ్తానని బయల్దేరేది. మొగుడూ పెళ్లాలిద్దరూ పనికి వెళ్లాలి, చూసుకునే దిక్కు లేదు. బయట గడియ పెట్టి వెళ్లేవాడు. సాయంత్రం వచ్చి తీస్తే తలుపు వెనకే నేల మీద కూర్చుని ఉండేది. "ఎవరు బాబూ నువ్వు, తలుపు తీశావు, నీ కడుపు చల్లగా ఉండ," అనేది. ఆ గడియ పెట్టినవాడూ తీసినవాడేనని ఆమెకి తెలియదు. ఆ దీవెన ఆయన ఈనాటికీ మింగలేక, కక్కలేక ఉన్నాడు.

తోలు వ్యానెక్కితే రెండు రోజులపాటు బొద్దుగాడు ఉండడు. ఆ నడుంపట్టీ మళ్లీ బయటికి రావడానికి రెండు రోజులు చాలు. మేడంతో చెప్పాడు. "చూద్దాం బాబాయ్," అంది. ఆవిడ చూద్దాం అంటే ఏమిటో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. నర్సమ్మనీ అడిగాడు.

"పన్నెండుమందిని ఒక్కదాన్నే చూసుకుంటున్నాను బాబాయ్. రెండు గంటలు దువ్వుతూ కూర్చుంటే మిగతావాళ్లని ఎవరు చూస్తారు?" అంది నర్సమ్మ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఒంటిగంటకి టీచరుగారు నిద్రపోయారు. ఆవిడ చెయ్యి కింద నుంచి బొద్దుగాణ్ణి మెల్లగా లాక్కొచ్చి, తోలు విప్పి నానబెట్టాడో లేదో, వంటమనిషి వచ్చి తలుపు తట్టాడు. హాల్లో అందరూ ఎదురుచూస్తున్నారట. ఐదు నిమిషాలేనట.

ఐదు నిమిషాలు గంటన్నర అయ్యాయి. మేడం మాట్లాడింది. డాక్టరు మాట్లాడాడు. ఎప్పుడూ మాట్లాడని వాచ్‌మన్ కూడా లేచి, బాబాయ్ ఎప్పుడూ మాట్లాడడని మెచ్చుకున్నాడు. కేకు కోయించారు. తడిచేతులు వెనక కట్టుకుని నిలబడ్డ బాబాయ్ ఆ పొగడ్తల్లో ఒక్కటీ వినలేదు. సబ్బునీళ్లు చల్లారిపోతున్నాయని మాత్రం అనుకున్నాడు. వదిలిపెట్టగానే పరుగులాంటి నడకతో వచ్చి, తోలు జాడించి, పిండి, ఫ్యాను వేశాడు. ఆ హడావిడిలో గడియ పెట్టడం మర్చిపోయాడు.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో టీచరుగారు.

ఆయన చేతిలో తడితోలు. బల్ల మీద వాడు. దుప్పటి అందుకుని కప్పబోయాడు, అందలేదు. ఆవిడ పాదాలు ఈడ్చుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. నాలుగేళ్లు దాచుకొచ్చి, చివరిరోజున కేకు ముక్క కోసం మొత్తం పాడుచేశానని బాబాయ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏమయ్యా, బుద్ధుందా?" అంది ఆవిడ. "పసివాడికి స్నానం చేయించి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఫ్యాను కింద కూర్చోబెడతారా? రొంప పట్టదూ?"

ఆయన గబుక్కున ఫ్యాను ఆపేశాడు.

"చొక్కా ఏదీ?"

"ఇదిగోనండీ. తడి ఇంకా ఆరలేదు."

"ఇలా ఇవ్వు."

తీసుకుని బల్ల మీద పరుచుకుంది. దువ్వెన కోసం చెయ్యి చాపింది. ఆయన అలమారలోంచి జుట్టు ఆరబెట్టే వేడిగాలి మిషను తీసి పట్టుకుని, ఆవిడ ఎటు చెబితే అటు తిప్పుతూ నిలబడ్డాడు. "పైనుంచి లాగేస్తే చిక్కు పడుతుందయ్యా. కొసల నుంచి రావాలి," అని ఆవిడ మందలించింది. నాలుగేళ్లుగా పైనుంచే లాగుతున్న బాబాయ్ బుద్ధిగా తలూపాడు. కొసల నుంచి వస్తే తొందరగానే ఆరుతోంది కూడా. తన గౌను గుండీలు తను పెట్టుకోలేని ఆ వేళ్లు, ఏడాదిగా చెంచా కూడా సరిగ్గా పట్టని ఆ వేళ్లు, ఒక్క వెంట్రుక తెగకుండా దువ్వుతున్నాయి. తొడిగేటప్పుడు, "ఏదీ, ఈ చెయ్యి. ఇప్పుడు ఆ చెయ్యి. బంగారుకొండ," అంటూ జిప్పు పైకి లాగి, చివర్న మెడ దగ్గర బొచ్చు ఇరుక్కోకుండా వేలు అడ్డం పెట్టింది. వేలు అడ్డం పెట్టాలని నేర్చుకోవడానికి ఆయనకి ఆరు నెలలు పట్టింది.

ఆవిడ చూస్తే తట్టుకోలేదని తనే అనుకున్నాడు. తనే అనుకుని, అమ్మకి పెట్టినట్టే ఈవిడకీ నాలుగేళ్లుగా గడియ పెడుతూ వచ్చాడు. లోపలి నుంచి పెడితే మాత్రం గడియ గడియ కాకుండా పోతుందా? సిగ్గేసింది ఆయనకి. సిగ్గుతోపాటు ఎందుకో గుండె తేలికపడింది.

నర్సమ్మ ఆవిడ కోసం గదులన్నీ వెతికి, మొహం పాలిపోయి వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది.

"ఇంతసేపూ ఇక్కడే ఉన్నారా? గేటు దగ్గరికి వెళ్లలేదా?"

"పిల్లాడికి స్నానమైతే టీచరుగారు ఎక్కడికి వెళ్తారమ్మా," అన్నాడు బాబాయ్. తర్వాత నర్సమ్మని పక్కకి పిలిచాడు. "మళ్లీసారికి ఆవిడకి ఇదేమీ గుర్తుండదు. పర్వాలేదు. స్నానం చేయించాలి టీచరుగారూ, అను. ఉతకాలి అనకు. తోలు అనకు, చొక్కా అను. మిగతాది ఆ చేతులు చూసుకుంటాయి."

నర్సమ్మ టీచరుగారి వంక చూసింది, ఆ వేళ్ల వంక చూసింది. పెన్ను తీసి అరచేతి మీద రాసుకుంది. "నా పనులు చేసుకుంటూ ఓ కంట కనిపెట్టి ఉంటాలే. అంతవరకైతే నావల్ల అవుతుంది. నీళ్లు ఎంత వేడి ఉండాలి బాబాయ్?"

"మోచెయ్యి ముంచితే హాయిగా ఉండాలి. అంతే."

ఐదింటికి లాండ్రీ గది తాళం ఆఫీసులో ఇచ్చి, వెళ్లొస్తానని చెప్పడానికి టీచరుగారి గదికి వెళ్లాడు. కిటికీ పక్క కుర్చీలో ఆవిడ, ఒళ్లో వాడు. మధ్యాహ్నం సంగతి అప్పుడే చెరిగిపోయింది. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"ఎవరండీ తమరు? వీడి తాలూకా?"

బాబాయ్ గుమ్మంలోనే చేతులు కట్టుకున్నాడు. "అవునండీ. వీడి తాలూకే. దింపిపోదామని వచ్చాను."

"మంచిపిల్లాడు. అల్లరి లేదు." వాడి తల నిమిరింది. వాడు కళ్లు మూసుకుని కూనిరాగం అందుకున్నాడు. "అదేంటండీ, కళ్లు తుడుచుకుంటున్నారు? ఈ బళ్లో నలభై ఏళ్లుగా చూస్తున్నాను. మొదటిరోజు పిల్లలకంటే తండ్రులే ఎక్కువ ఏడుస్తారు. నేను చూసుకుంటానుగా. ఇక వెళ్లండి, మీరు నిలబడితే వాడు పాఠం వినడు."

"చూసుకోండి, టీచరుగారూ."

"ఆగండి. ఆ భుజం మీది తువ్వాలు ఇచ్చి వెళ్లండి. వీడికి చలేస్తుంది."

ఇచ్చాడు. వరండా దాటి, మెట్లు దిగి, వాచ్‌మన్‌కి చెయ్యూపి గేటు బయటికొచ్చాడు. బస్సు రావడానికి వ్యవధి ఉంది. ఉండబట్టలేక ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కిటికీలో టీచరుగారి తల వంగి ఉంది, ఏదో చెబుతోంది. వింటున్నవాడి మెడ చుట్టూ, రెండు చుట్లు చుట్టి ముందుకి ముడేసిన నీలంగళ్ల తువ్వాలు.