చెవులు వచ్చిన రోజు

పాలచుక్క ఒకటి మణికట్టు మీద వేసుకుని చూశాడు బిచ్యా. కాలింది. గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో దించి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. కార్తీకమాసం. ఆ రేకుల ఇంట్లో చలి బయటికంటే లోపలే ఎక్కువ. అతని ఒళ్లో, మడతపెట్టిన తువ్వాలులో, ఎర్రమట్టి రంగు కుక్కపిల్ల మూతి పైకెత్తి గాలిలో పాలకోసం వెతుకుతోంది.

"ఆగు యాడీ, ఆగు," అన్నాడు. యాడి అంటే లంబాడీ భాషలో అమ్మ. చిన్న ఆడపిల్లల్ని ముద్దుకు అట్లా పిలుస్తారు. భార్య జమ్లి పోయాక ఆ ఇంట్లో ఆ భాష వినిపించడం మానేసింది, మళ్లీ ఈ పిల్లతోనే మొదలైంది. పిల్లకు వినపడదు. ఆ మాటకొస్తే బిచ్యాకూ అంతంత మాత్రమే. వినని ఇద్దరి మధ్య మాటలు మాత్రం బాగానే నడుస్తున్నాయి.

పాత చీరముక్కను వత్తిగా పేని, పాలలో ముంచి నోటికి అందించాడు. మొదటి రోజు పసిపాపను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టాడు. పాలు ముక్కులోంచి బయటికొచ్చి, పిల్ల ఊపిరి తిరక్క నీలుక్కుపోయింది. అప్పటినుంచి బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం పైకెత్తి పట్టడం నేర్చుకున్నాడు. పిల్ల ముందుకాళ్లతో అతని అరచేతిని ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ తాగుతుంది. తల్లి పొదుగును నొక్కే అలవాటది. ఆ మొద్దు చేతిలో ఏముందని నొక్కుతోందో, పిచ్చిమొహంది!

తాగడం అయ్యాక అసలు పని మొదలైంది. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి, పొట్ట కింద మెల్లగా రుద్దాడు. తెచ్చిన కొత్తలో ఇది తెలియక ఎంత గోల! పాలు తాగుతోంది, పొట్ట ఉబ్బుతోంది, ఏడుస్తోంది, ఒక్కచుక్క కూడా బయటికి రాదు. చచ్చిపోతుందనుకున్నాడు. చివరికి, ఆవు ఈనగానే దూడను ఎందుకు అన్నిచోట్లా నాకుతుందో గుర్తొచ్చి, తడిగుడ్డతో తుడిచాడు. తుడిచీ తుడవకముందే సన్నటి వెచ్చటి ధార అతని మోకాలు తడిపేసింది. బిచ్యా అట్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇంత ప్రాణాన్ని తయారుచేసి, నోరిచ్చి, కడుపిచ్చి, ఉచ్చ పోసుకోవడం ఒక్కటి తల్లి నాలుకకు వదిలిపెట్టిన వాడెవడో! ఇప్పటికీ రోజూ ఆ ధార రాగానే అతనికి ఆశ్చర్యమే.

పిల్లను చొక్కాలోపల పెట్టుకుని, పైన కండువా బిగించి, ఎర్రజెండా, ఈల తీసుకుని బయల్దేరాడు.

ఇల్లందు దాటాక అడవి మొదలయ్యే చోట బొగ్గు బాయి ఉంది. పైనుంచి తవ్వుకుంటూ పోయే పెద్ద గొయ్యి. మధ్యాహ్నం పూట రాళ్లను మందుపెట్టి పేలుస్తారు. ఆ సమయంలో మనిషి గానీ, మేక గానీ అటు రాకుండా దారి మీద నిలబడి, జెండా చూపించి, ఈల ఊదడం బిచ్యా పని. కాంట్రాక్టు పని. వయసులో ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు మీసం కూడా నెరిసింది. అదే దారి, అదే జెండా. గుడ్డ మాత్రం మారుతూ వచ్చింది.

పేలుళ్లు అతని చెవుల్ని ఒక్కసారిగా తీసుకుపోలేదు. మొదట పిట్టలు పోయాయి. తర్వాత ఇంటిరేకుల మీద వాన పోయింది. తర్వాత మనుషుల మాటలు సగం సగం పోయాయి. పైకి చెబితే పని పోతుందని చెప్పలేదు. పేలుడుకు ముందు మోగే సైరన్ తనకు వినపడదు గనుక, గొయ్యికి అవతలి గట్టున నిలబడే వీరబాబు మీద కన్నేసి ఉంచుతాడు. వీరబాబు జెండా ఎత్తితే తనూ ఎత్తుతాడు. ఈ సంగతి వీరబాబుకు తెలుసు, ఎవరితోనూ అనడు.

ఒక్కదానికి మాత్రం బిచ్యా తనను తాను క్షమించుకోలేడు. ఖమ్మం దవాఖానాలో జమ్లి ఆఖరి పొద్దున అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. పెదాలు చాలాసేపు కదిలాయి. చెవి దగ్గర పెట్టినా గాలే తగిలింది. మళ్లీ చెప్పించుకుందామంటే ఆమెకు ఓపిక లేదు. "అవ్, అవ్," అని తలాడించాడు. ఆమె తృప్తిగా కళ్లు మూసుకుంది. తను దేనికి ఒప్పుకున్నాడో అతనికి ఈనాటికీ తెలియదు. ఆ ఒప్పుకున్నది చేశాడో లేదో కూడా తెలియకుండా బతుకుతున్నాడు.

బాయి గేటు దగ్గర అనిల్‌కుమార్ ఎదురుపడ్డాడు. పేలుడు పనులు చూసే కుర్ర ఉద్యోగి, మంచివాడే. చొక్కాలోంచి తొంగి చూస్తున్న మూతి దగ్గర గట్టిగా చిటికె వేశాడు. పిల్ల కదల్లేదు.

"ఇంకా అంతేనా తాతా? కండ్లు తెరిచిందిగా, మరి చెవులేంది?" అని యంత్రాల మోత మీదుగా అరిచాడు.

"ఏమో బాబూ."

"చెవిటిదే. దాని తల్లిగ్గూడ గట్లనే అయింది గదా."

తల్లి సంగతి బాయిలో అందరికీ తెలుసు. మట్టిగుట్టల దగ్గర తిరిగే కుక్క. వెనక్కి వస్తున్న డంపర్ లారీ హారన్ వినపడక చక్రం కింద పడిపోయింది. గుట్ట పక్కన పైపులో దాని పిల్లలు దొరికేసరికి, చలికి ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా చెవిటిదే అని అందరూ తేల్చేశారు. పళ్లేలు వాయించి చూశారు, హారన్ కొట్టి చూశారు. తల్లి కడుపులో ఉండగానే పేలుళ్ల దెబ్బ తగిలి ఉంటుందన్నారు. ఈ బాయి దగ్గర పుట్టినదానికి చెవులెక్కడివి అన్నారు. బిచ్యా కూడా నమ్మాడు. తనకు జరిగినదే కదా.

జమ్లి చెల్లెలు కమ్లికి అడవి అంచున మక్క చేను ఉంది. అడవిపందుల్ని తరమడానికి కుక్క కావాలని, చెవులు పనిచేస్తే ఈ పిల్లను తీసుకుపోతానని మొన్ననే చెప్పింది. చెవిటిదైతే వద్దంది. చూసుకోవడానికి ఈ సాయంత్రమే వస్తోంది. పిల్ల తనను విడిచిపోకూడదంటే అది చెవిటిదే కావాలి. చెవిటిదైతే, నడక రాగానే ఏదో ఒక డంపర్ దాన్ని తీసుకుపోతుంది. ఈ రెండింటి మధ్య ఏం కోరుకోవాలో తోచక, కొన్నాళ్లుగా బిచ్యా ఏ దేవుణ్నీ ఏమీ అడగడం లేదు.

మధ్యాహ్నం దారి మీద నిలబడ్డాడు. మేకల్ని తోలుకొచ్చిన కాపరిని వెనక్కి పంపాడు. ఒక మోటార్‌సైకిల్‌ను ఆపాడు. ఆగినవాడు విసుక్కుంటూ ఏదో అన్నాడు, ఏమన్నాడో గానీ మొహం చూస్తే మంచి మాట కాదు. బిచ్యా నవ్వి ఊరుకున్నాడు. వినపడకపోవడంలో ఆ మాత్రం సుఖం ఉంది.

ఉన్నట్టుండి చొక్కాలోపల పిల్ల ఉలిక్కిపడింది.

చీమ కుట్టిందేమోనని గుండీ తీసి చూశాడు. పిల్ల తల తూర్పుకు తిప్పి, ఒళ్లంతా బిగబట్టి ఉంది. తూర్పున ఏముంది? సైరన్ స్తంభం ఉంది. బిచ్యా చప్పున గొయ్యి అవతలికి చూశాడు. అప్పుడే వీరబాబు జెండా ఎత్తుతున్నాడు.

అంటే సైరన్ మోగింది. తనకంటే ముందు ఈ పిల్లకు తెలిసింది.

పిల్ల చెవిమడతను వేలికొసతో ఎత్తాడు. నిన్నటిదాకా అక్కడ చర్మం అతుక్కుని ఉండేది. ఇప్పుడు సన్నటి చీలిక తెరుచుకుని, లోపల గులాబి రంగు తడి మెరుస్తోంది. ఇన్నాళ్లూ తలుపు వేసి ఉందన్నమాట, ఇల్లు ఖాళీ కాదన్నమాట! ఇన్ని పేలుళ్లు పేలినా ఒక్కటీ లోపలికి పోకుండా, ఎవరో గడియ పెట్టి మరీ పంపారు. ఎంత జాగ్రత్త! ఎంత కనిపెట్టుకుని ఉన్నారు!

"యాడీ," అన్నాడు బిచ్యా.

పిల్ల తల తిప్పింది. అతని నోటికేసి చూసింది. పుట్టాక దాని చెవిని చేరిన మొదటి మాట అది, దాని పేరే. బిచ్యాకు కళ్లు నిండాయి. ఎవరికైనా చెప్పాలనిపించింది, ఆ దారి మీద చెప్పడానికి ఎవరున్నారు?

అంతలోనే పేలుడు సంగతి గుర్తొచ్చింది. గడియ ఇవాళే తీశారు. బాయిలో మందు పెట్టి సిద్ధంగా ఉంది.

జెండాను రాళ్ల మధ్య గుచ్చాడు. ఈల మూడువైపులా ఊది, దారి పక్కనున్న ఇనుప షెల్టర్‌లోకి దూరి, గొయ్యికి వీపు పెట్టి ముడుచుకు కూర్చున్నాడు. పిల్లను రొమ్ముకు ఆనించుకుని, దాని చిన్న తలను రెండు అరచేతుల మధ్య మూశాడు. తన చెవుల్ని గాలికి వదిలేశాడు. వాటిలో ఇంకా పోవడానికి ఏం మిగిలిందని!

నేల అదిరింది. షెల్టర్ రేకు వణికింది. దుమ్ము పైకి లేచి ఎండను కమ్మేసింది. పిల్ల గుండె అతని మణికట్టుకు టకటకా తగులుతోంది. చేతులు తీసేసరికి అంతా సద్దుమణిగింది. బిచ్యా నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. పిల్ల చెవి కదిలింది. మళ్లీ చేశాడు. మళ్లీ కదిలింది. ముసలాయన ఆ దుమ్ములో కూర్చుని, చిన్నపిల్లాడిలా ఎంతసేపు ఆడాడో!

సాయంత్రం కమ్లి వచ్చేసరికి పిల్ల కడుపునిండా తాగి, ఇంటి ముందు మంచం మీద నిద్రపోతోంది. బిచ్యా దాన్ని తువ్వాలుతో చుట్టాడు. తల చుట్టూ కూడా రెండు మడతలు వేశాడు. చలికే అనుకుందాం.

కమ్లి కొడుకు కోటేష్ మోటార్‌సైకిల్ దిగకుండానే ఆగాడు. కమ్లి దిగి, చేతిలోని సీసాను అరుగు మీద పెట్టింది.

"ఏమాయె బావా? చెవులున్నయా, లేవా?" అతనితో మాట్లాడితే వీధంతా వినాల్సిందే.

"పండుకుంది," అన్నాడు బిచ్యా, అడిగినది వదిలేసి.

కమ్లి మంచం దగ్గర చప్పట్లు కొట్టింది. తువ్వాలు కదల్లేదు. నిట్టూర్చింది.

"చెవిటిదే, పాపం. పందులొచ్చి చేనంత తొక్కిపోయినంక లేస్తది గిది. నీ కాడనే ఉండనియ్ బావా. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు!" నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, "ప్యాకెట్ పాలు దీనికి పడయి. మేకపాలు తెచ్చిన, పట్టు," అని సీసా చూపించింది.

బిచ్యా తలాడించాడు. ఏమీ అనకుండానే కోరుకున్నది దొరికింది. కోటేష్ బండి తిప్పాడు. కమ్లి వెనక ఎక్కింది. రేపు మధ్యాహ్నం మళ్లీ మందు పెడతారు, ఎల్లుండీ పెడతారు. పిల్ల పెరిగాక చొక్కాలో పట్టదు. రెండు చేతులూ ఎన్నాళ్లు కాస్తాయి? ముందు పిట్టలు పోతాయి, తర్వాత వాన పోతుంది, తర్వాత హారన్.

"కమ్లీ, ఆగు!"

తువ్వాలు మడతలు విప్పేశాడు. నాలుకతో టక్కుమనిపించాడు. పిల్ల కళ్లు తెరిచి తలెత్తింది. కమ్లి గాజులు గలగలమంటే అటు తిరిగింది. కమ్లి బండి దిగి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అబ్బో! ఇనవడుతుంది గదా!"

"ఇయ్యాల్నే వచ్చినయి."

"మరి ఇంతసేపు చెప్పవేంది?"

బిచ్యా పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు. "ఈడ ఉంటే మళ్లా పోతయి. తీస్కపో."

కమ్లి అతని మొహంలోకి ఒకసారి చూసింది. పిల్లను ఒడిలో కట్టుకుంది. బోర్లా పడుకోబెట్టి పట్టమన్నాడు. తాగాక తడిగుడ్డతో తుడవమన్నాడు. పిలిచేటప్పుడు యాడీ అని పిలవమన్నాడు. ఆ పేరే దానికి తెలుసన్నాడు.

బండి కదిలింది. ఒడిలోంచి తల బయటపెట్టి పిల్ల వెనక్కి చూసింది. దాని నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం అతనికి కనిపించింది. ఏమంటోందో వినపడలేదు. "అవ్," అన్నాడు బిచ్యా. దానికి వినపడేంత గట్టిగా, "అవ్, అవ్!" అని అరిచాడు. మలుపు దాకా ఆ తల ఇటే తిరిగి ఉంది.

వెలుగు తగ్గేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. అరుగు మీద మేకపాల సీసా పెట్టినది పెట్టినట్టే ఉంది. మూతికి కుక్కిన మోదుగాకు ఇంకా పచ్చగానే ఉంది, మెడ చుట్టూ తెల్లగా మీగడ కట్టింది.