రెండు వేల నూట నలభై దగ్గర ఆగిన గీత

పెళ్లయిన కొత్తలో అందరూ సినిమాలకు పోతారు, పార్కులకు పోతారు. నేను మా ఆయనతో కలిసి సముద్రం అడుగున బావి తవ్వాను. నవ్వకండి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రెండు గదుల రైల్వే క్వార్టర్లో, రోజూ సాయంత్రం, మూరీ అనే మరమరాల పొట్లం, ఆలూ చాప్‌లు మధ్యలో పెట్టుకుని, పెన్సిలుతో తవ్వాం.

మా ఆయన ఉదయభాను కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. ఏ బండి ఏ స్టేషన్ దాటిందో చూసుకుంటూ, దేన్ని ఆపాలో దేన్ని వదలాలో చెప్పే పని. ఇప్పుడు ఆ గీతలన్నీ కంప్యూటరే గీస్తుంది. ఒకప్పుడు బల్లంత కాగితం మీద చేత్తో గీసేవాళ్లట. అడ్డంగా గంటలు, నిలువునా స్టేషన్లు. బండి నడుస్తుంటే గీత ఏటవాలుగా పోతుంది. నిలబడిపోతే తిన్నగా అడ్డంగా సాగుతుంది. ఆఫీసులో ఆ పాత కాగితాలు పారేస్తుంటే భాను ఒక కట్ట ఇంటికి తెచ్చుకున్నాడు. మా బావి వాటి మీదే.

నిజానికి బావి సాగరదీప్తి ఎనర్జీ అనే చిన్న కంపెనీది. ఒడిశా తీరానికి దూరంగా, అద్దెకు తెచ్చిన రిగ్గుతో, ఒక్క సీజనులో మూడు బావులు తవ్వుతామని ప్రకటించింది. మొదటి బావిలో చమురు పడితే చాలు, షేరు ధర పదింతలవుతుందని అందరూ చెప్పుకునేవాళ్లు. పెళ్లిలో వచ్చిన చదివింపులతో భాను కొన్ని షేర్లు కొన్నాడు. నన్ను అడిగే కొన్నాడు. బీకాం చదివిన తెలివితో నేనే తలూపాను.

కంపెనీ వెబ్‌సైటులో రోజూ ఆ రోజు లోతు పెట్టేవారు. నేను పైకి చదివేదాన్ని. భాను స్టేషన్ల చోట మీటర్లు రాసుకుని, గీతను కిందికి లాగేవాడు. పెన్సిలు చెక్కడం నా వంతు. ఒక్క తొక్క తెగకుండా చెక్కితే నాకు రెండో చాప్ దక్కేది. గీత రెండు వేల మీటర్లు దాటిన రోజు మేమిద్దరం గదిలో గంతులేస్తుంటే మా మామయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటే అమ్మా, నూని పడిందేటి?" అన్నారు. "ఇంకా లేదు మావయ్యా, దారిలో ఉంది!" అన్నాను. ఎంత ఆనందంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

రెండు వేల నూట నలభై దగ్గర గీత ఆగింది.

మర్నాడూ అదే అంకె. ఆ మర్నాడూ అదే. గీత అడ్డంగా సాగుతోంది. కంపెనీ మాత్రం అంకె కింద, 'పనులు ప్రణాళిక ప్రకారం జరుగుతున్నవి' అని రాస్తోంది.

"భానూ, బండి నిలబడిపోయింది" అన్నాను ఐదో రోజు.

"ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగింది మీనా. లైన్ క్లియర్ వస్తాది. మోహనకృష్ణ గారు కూడా అదే అన్నారు."

మోహనకృష్ణ గారు రిటైరైన చీఫ్ కంట్రోలర్. భానుకి పని నేర్పింది ఆయనే, సాగరదీప్తి సంగతి చెప్పిందీ ఆయనే. ఆదివారం పొద్దున ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని ఆయన ఇంటి వరండాలో కంట్రోల్ ఆఫీసు తెలుగువాళ్లు పది పన్నెండు మంది చేరతారు. అందరి దగ్గరా ఆ షేర్లున్నాయి. ఆయన మాటకు తిరుగులేదు. "ముప్పై నాలుగేళ్ల సర్వీసులో చార్టు ఎక్కిన బండి ఆలస్యంగా రావడం చూశానేగానీ, అసలు రాకపోవడం చూడలేదు" అంటారు. వాళ్లందరూ అలాగే ఆలోచిస్తారు. కంట్రోలరు పెళ్లాన్ని కదా, నేనూ అలాగే ఆలోచించడం మొదలుపెట్టాను.

ఇంతలో రైట్స్ ఇష్యూ గడువు దగ్గరపడింది. అంటే, ఇప్పటికే షేర్లున్నవాళ్లు ఇంకొంత డబ్బు కట్టి, తక్కువ ధరకు కొత్త షేర్లు తీసుకోవచ్చు. ఆ డబ్బుతోనే రెండో బావి తవ్వుతారు. సోమవారం సాయంత్రం ఆఖరు.

శుక్రవారం భాను ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "నాన్న డబ్బు పెడదాం" అన్నాడు.

నా చేతిలో పెన్సిలు విరిగింది.

మామయ్య జగ్గారావు గారు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి కిందటి నెలే రిటైరయ్యారు. క్వార్టరు నాలుగు నెలల్లో ఖాళీ చేయాలి. వచ్చిన డబ్బుతో తాల్‌బాగీచాలో చిన్న ఇల్లు కొనాలని బేరం కూడా అయింది. ఆ ఇంట్లో జామచెట్టుంది. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే కాయ అందుతుంది. నేను చాపి చూశాను కూడా.

"మూడు నెలలు ఆగితే అదే ఇంటి మీద మేడ వేసుకోవచ్చన్నారు మోహనకృష్ణ గారు" అన్నాడు భాను.

"మామయ్య ఏమన్నారు?"

"ఠీక్ హై అన్నారు. ఆయన చీఫ్ కంట్రోలర్ సేసినోడు, మనకంటే ఎక్కువ తెలుస్తాదన్నారు."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మామయ్య ఎప్పుడూ అంతే. ఆఫీసువాళ్లు మాట్లాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్లు కూర్చోమనరు.

శనివారం పొద్దున భాను డ్యూటీకి వెళ్లాడు. మామయ్య వరండాలో కూర్చుని నా వంటింటి కోసం ఇనప అరమర చేస్తున్నారు. కొత్త కోడలి డబ్బాలు నేల మీదున్నాయని ఆయనకు వారం నుంచీ బెంగ. కరెంటు డ్రిల్లుతో ఇనుముకు బెజ్జం వేస్తున్నారు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. ఆయన టక్కున స్విచ్చి ఆపేసి, బిట్టును మెల్లగా వెనక్కి తిప్పి లాగారు.

"ఎందుకాపేశారు మావయ్యా?"

"దిగటం నేదమ్మా. తిరిగినా దిగకపోతే బిట్టు మొద్దుబారినట్టు. తిరక్కపోతే ఇరుక్కున్నట్టు. ఏదైనా సరే, బలవంతం సేస్తే లోపలే ఇరిగిపోతాది."

నేను పరుగున వెళ్లి మా బావి గీత ఉన్న చార్టు తెచ్చి ఆయన ముందు పరిచాను. ఆ గీత ఏమిటో చెప్పాను. ఇన్నాళ్లుగా మేం గంతులేస్తున్నది దేనికో ఆయనకు సరిగ్గా తెలియదని అప్పుడు తెలిసింది. ఆయన చేతులు తుడుచుకుని, కాగితానికి మరక అవకుండా వేలు గాల్లోనే గీత వెంబడి నడిపించారు. అడ్డగీత దగ్గర ఆగారు.

"ఇదేటి, ఇక్కడ ఎన్నాళ్లు?"

"ఈ రోజుతో తొమ్మిది మావయ్యా. ఔటర్లో నిలబడిందంటున్నారు."

ఆయన నా మొహంలోకి చూశారు. "ఔటరేటమ్మా? ఇది బండి కాదు కదా. డ్రిల్లు. నాకు తొమ్మిది నిమిషాలు దిగకపోతేనే చార్జిమేన్ వచ్చీసేవోడు."

"మధ్యలో బావి గోడ కూలకుండా గొట్టాలు దించుతారట కదా, అందుకని ఆగిందేమో?"

"గొట్టం దించితే గొట్టం దించినామని సెప్తారు. అదేటి సిగ్గుపడే పనా?"

నలభై ఏళ్లు ఇనుముకు బెజ్జాలు వేసిన మనిషి మా గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన డబ్బు కావాల్సి వచ్చింది కానీ, ఆయన్ని ఒక్క మాట అడగాలని పన్నెండు మంది చదువుకున్నవాళ్లకు తోచలేదు. నాకూ తోచలేదు. సిగ్గుతో, కోపంతో నా చెవులు కాలిపోయాయి.

భాను వచ్చాక చెప్పాను. విన్నాడు. "మోహనకృష్ణ గారిని అడక్కుండా మనమే తేల్చేస్తే ఎలా మీనా? నాకు పని నేర్పినాయన" అన్నాడు. "అయితే అడుగుదాం పద" అన్నాను.

ఆదివారం పొద్దున చార్టు చుట్టి చంకలో పెట్టుకుని ముగ్గురం వెళ్లాం. వరండా నిండా జనం. మోహనకృష్ణ గారు పడక్కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య కుసుమకుమారి గారు టీ గ్లాసులు అందిస్తున్నారు. స్కూల్లో లెక్కల టీచరు, నెమ్మదైన మనిషి.

"రండి రండి! జగ్గారావూ, రేపు చెక్కు మీద సంతకం పెట్టేస్తున్నావట. ఇక నువ్వూ మాతో పాటు ఆయిల్ కింగువే!" అన్నారు మోహనకృష్ణ గారు. అందరూ నవ్వారు. మామయ్య అలవాటుగా చేతులు కట్టుకున్నారు.

నేను టీపాయి మీద చార్టు పరిచాను. "బాబాయిగారూ, పది రోజులుగా ఇది ఎందుకు కదలడం లేదు?"

"చెప్పాను కదమ్మా. బండి ఆగుతుంది, మళ్లీ బయల్దేరుతుంది. ఏక్‌దమ్ సింపుల్."

"బండి ముందు పట్టాలుంటాయి బాబాయిగారూ. ఎవరో ముందే వేసి పెట్టి ఉంటారు. దీని ముందు ఏముంది?"

నవ్వులు ఆగాయి. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "టెక్నికల్ విషయాలమ్మా ఇవి."

"అందుకే టెక్నికల్ మనిషిని తెచ్చాను. మావయ్యా, చెప్పండి."

మామయ్య గొంతు సవరించుకున్నారు. "బాబూ, నాకు పెద్దగా తెల్దు. డ్రిల్లు ఇన్నాళ్లు దిగనేదంటే లోపల ఇరుక్కుని ఉంటాది. అంతే సెప్పగలను."

అప్పుడు కుసుమకుమారి గారు, గ్లాసు అందిస్తూ, ఎంతో మామూలుగా అన్నారు. "అవును కదండీ, గురువారం ఫోనులో కంపెనీ అబ్బాయి కూడా అదే చెప్పాడన్నారు? ఇరుక్కుపోయింది, గొట్టం కోసి బావి వదిలేయాలేమోనని?"

వరండాలో ఎవరి చేతిలో గ్లాసు వాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

"మీకు తెలుసా?" అన్నాను. "గురువారం నుంచీ తెలుసా? శుక్రవారం కదా మామయ్య డబ్బు పెట్టమని మీరు భానుకి చెప్పింది?"

"తెలిస్తే అందరూ ఒక్కసారే భయపడి అమ్ముతారమ్మా. రేటు కూలిపోతుంది. రైట్స్ నిండదు. నిండకపోతే రెండో బావి లేదు. అందరి మంచి చూడాలి కదా."

"ఎవరి మంచి? మీ షేర్లు నిలబడాలంటే మా మామయ్య ఇల్లు గోతిలో పోయాలా? ఈయన్ని ఏనాడైనా ఈ వరండాలో కూర్చోమన్నారా మీరు? కూర్చోమనలేదు గానీ సంతకం పెట్టమన్నారు!"

ఆయన మొహం ఎర్రబడింది. "భానూ, మీ ఆవిడ గొంతు హౌరా దాకా వినిపిస్తోంది."

భాను చార్టు వైపే చూస్తున్నాడు. ఆ క్షణంలో అతని మీద వచ్చినంత కోపం నాకు ఆ చీఫ్ కంట్రోలరు మీద కూడా రాలేదు.

జవాబు మామయ్య చెప్పారు. కట్టుకున్న చేతులు విప్పారు. "వినపడనీండి బాబూ. గురువారం నుంచీ ఈ సంగతి మీద మీ గొంతు వినపడనేదు కదా." పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు. "కుసుమమ్మగారూ, నాకూ ఒక టీ ఇప్పించండి. తాగేసి ఎల్తాం. ఇంటికి బయానా ఇచ్చీయాల."

అప్పుడు కదిలాడు భాను. చార్టు మెల్లగా చుట్టి, "దరఖాస్తు పెట్టడం లేదు సార్" అన్నాడు. వెనకనుంచి ఇంకెవరో, "నేనూ పెట్టను" అన్నారు.

అయినా నలుగురు పెట్టారు. రైట్స్ ఎలాగో నిండింది. ఆ వచ్చిన గురువారం సాయంత్రం, షేరు బజారు మూసేశాక, మొదటి బావిని వదిలేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. 'ప్రణాళిక ప్రకారం' అన్న ముక్క అందులోనూ ఉంది. మా చదివింపులు సముద్రం పాలయ్యాయి. ఎవరూ తప్పయిందనలేదు. రెండో బావి ఇంకా ఉందని మోహనకృష్ణ గారు గ్రూపులో మెసేజ్ పెట్టారు. కొత్త కోడలు పెద్దాయన పరువు తీసిందని కాలనీలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఆయన నిజం దాచాడని ఎవరూ మొహం తిప్పుకోరు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

తాల్‌బాగీచా ఇంట్లో పాలు పొంగించిన రోజు ఆయన రాలేదు. కుసుమకుమారి గారు ఒక్కరే రిక్షాలో వచ్చి, అరమరకి పసుపు రాసి వెళ్లారు.

ఆ అరమరలో పై అరకి నేను చార్టు పరిచాను. అడ్డగీత సరిగ్గా కందిపప్పు డబ్బా ముందుకొచ్చింది.

"అది తీసెయ్ మీనా. చూసినప్పుడల్లా సిగ్గేస్తోంది" అన్నాడు భాను, కిటికీలోంచి జామకాయ కోస్తూ.

"సిగ్గేయాలనే వేశాను" అన్నాను. "ఆ కాయ ఇటివ్వు. పెద్ద ముక్క మామయ్యకి."