పన్నెండుకిస్తామన్న కరెంటు

సింకులో నీళ్లు సరిగా దిగడం లేదని జాహ్నవి కనిపెట్టి వారమైంది. మొదట్లో నిదానంగానైనా పోయేవి. ఈ పొద్దు మాత్రం అంట్లు తోమిన నీళ్లు జానెడు లోతున అట్లే నిలబడిపోయాయి. పైన చింతపండు పిప్పి తేలుతోంది. వాసన గురించి చెప్పకపోవడమే మేలు.

ఆ సింకు కింద ఒక మిషన్ ఉంది. మిగిలిన తిండిని మెత్తగా రుబ్బి కాలువలోకి తోసే రకం. నంద్యాల మొత్తం వెతికినా ఇట్లాంటివి ఎన్ని దొరుకుతాయో. ఇంటి ఓనరు మోజుపడి మేడ మీద వాటాలో పెట్టించాడు, ఆళ్లగడ్డ నుంచి శాంతయ్య అనే ప్లంబరును పిలిపించి మరీ. ఆ వాటాలో అద్దెకుంటున్న జాహ్నవికి దానితో పెద్దగా పని పడలేదు. భర్త శ్రీకాంత్ పోయి మూడేళ్లయింది. ఆయన ఉద్యోగం తనకిస్తే చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఒక్క మనిషి తినేదెంత, మిగిలేదెంత?

మిషన్‌కు చేతినిండా పని పెట్టింది అత్త రామేశ్వరమ్మ. మామ ఆదినారాయణకు గుండెలో రక్తనాళం పూడిందని తేలితే, వైద్యం కోసం ఇద్దరూ నెల కిందట ఆళ్లగడ్డ నుంచి కోడలి దగ్గరికి వచ్చారు. అక్కడ వాళ్ల ఇంట్లో ఒక్క మెతుకు పారేయరు. గంజి, తొక్కలు, మిగిలిన సంగటి అన్నీ కుడితి తొట్టిలోకి పోతాయి, బర్రెలు తాగేస్తాయి. ఇక్కడ బర్రె లేదు. ఉన్నది మిషన్. "మన బర్రెకన్నా బాగా తింటాందే ఇది" అని ఆమె తెగ ముచ్చటపడిపోయి, రోజూ మిగిలిన రాగిసంగటి ముద్దల్ని అందులోకి జారవిడిచింది. చల్లారిన సంగటి పైపులో ఎట్లా గట్టిపడుతుందో, నలభై ఏళ్లుగా సంగటి గెలికిన మనిషికి తెలియదా? తెలుసు. కానీ బర్రె కడుపులో ఎప్పుడూ గట్టిపడలేదు కదా అనుకుంది మహాతల్లి. నిన్న బేనిషా మామిడి టెంక కూడా వేసింది.

ఈ పొద్దు పదకొండు గంటలకు మామకు స్టెంటు వేస్తున్నారు. అసలైతే జాహ్నవి ఆస్పత్రిలో ఉండాలి, సెలవు కూడా పెట్టింది. కానీ మామ తమ్ముడి భార్య ఉమామహేశ్వరమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, "బావను లోపలికి తీసకపోయేటప్పుడు జాహ్నవి ఎదురు రాకుంటే మంచిది" అని రామేశ్వరమ్మకు చెప్పింది. రామేశ్వరమ్మ అవునని అనలేదు, కాదనీ అనలేదు. పక్కనే ఉండి విన్న జాహ్నవే చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అత్త ఒక్కతే ఆస్పత్రికి పోయింది గానీ, అక్కడ కళ్లు తిరిగి పడబోతే ఉమామహేశ్వరమ్మ ఆటో ఎక్కించి తిప్పి పంపింది. కబురు ఫోనులో చెబుతానంది.

అత్త వచ్చేసరికి జాహ్నవి మిషన్‌తో కుస్తీ పడుతోంది. స్విచ్చి వేస్తే అది గుర్రుమంటోంది తప్ప తిరగడం లేదు. ఆ మిషన్‌కు రెండు స్విచ్చులు. ఒకటి సింకు పక్కన, ఒకటి వెనక బట్టలుతికే చోట. మెట్ల లైటుకు పైనొకటి కిందొకటి పెడతారే, అట్లా. దేన్ని నొక్కినా వెలుగుతుంది, దేన్ని నొక్కినా ఆరుతుంది. జాహ్నవి ఇక్కడ నాలుగుసార్లు నొక్కింది. అత్త సాయం చేస్తున్నాననుకుని వెనక రెండుసార్లు నొక్కింది. ఆ నొక్కుళ్ల మధ్యలో కరెంటు పోయింది. లైన్ల మరమ్మతు, పన్నెండుకు ఇస్తామని ఫోన్లకు మెసేజ్ వచ్చింది.

జాహ్నవి బాల్కనీలోకి పోయి, పొద్దున్నే రమ్మని చెప్పిన శాంతయ్యకు మళ్లీ ఫోన్ చేసింది.

"సిరివెళ్ల దాటినా అక్కా, అరగంటలో వస్తా. టెంకేమన్నా పడిందేమో. చెయ్యి మాత్రం పెట్టద్దు. కరెంటు లేదని అస్సలు పెట్టద్దు."

స్పీకర్లో ఆ మాటలు రామేశ్వరమ్మ చెవిన పడ్డాయి. పెట్టద్దన్నది కాదు, టెంక అన్నది. ఊరి ప్లంబరు వచ్చి, తాను వేసిన టెంకను కోడలి ముందు బయటికి తీస్తే ఇంకేమన్నా ఉందా? రేపు ఆళ్లగడ్డలో నలుగురికీ చెప్పి నవ్వుతాడు. ఆమె గబగబా కుడిచెయ్యి లోపలికి దూర్చి టెంక పైకి లాగింది. గట్టు మీద పెట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. అడుగున సంగటి ముద్ద చేతికి తగిలిందని రెండోసారి ఇంకా లోతుకు పెట్టింది.

జాహ్నవి తిరిగొచ్చేసరికి అత్త సింకు మీదికి వంగి ఉంది. ముఖం పాలిపోయింది.

"చెయ్యి బయటికి రావడం లేదు పాపా."

నిన్న మహానందికి పోయి భర్త కోసం మొక్కుకుని, వస్తూ వస్తూ చేతికి డజను చొప్పున ఎర్ర మట్టిగాజులు తొడిగించుకుంది ఆమె. లోపలికి పోయేటప్పుడు గాజులు మోచేతి వైపు జరిగాయి. బయటికి లాగేటప్పుడు అన్నీ కిందికి జారి, మణికట్టు దగ్గర గుత్తిలా చేరి, మిషన్ మూతిలో అడ్డంగా బిగుసుకున్నాయి. లాగేకొద్దీ ఇంకా బిగుస్తున్నాయి.

గోడ గడియారం పదకొండూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది.

జాహ్నవి స్విచ్చి వైపు చూసింది. అది పైకి ఉంది. పైకి ఉంటే ఆగినట్టా, తిరిగేటట్టా? వెనక్కి పరుగెత్తి రెండోది చూసింది. అది కిందికి ఉంది. ఎంత బుర్ర గోక్కున్నా ఆఖరున మిషన్ ఆగిందో లేదో గుర్తుకు రాలేదు. టెంక కూడా బయటికొచ్చేసింది. ఇప్పుడు కరెంటు వస్తే మిషన్ గుర్రుమని ఊరుకోదు, తిరుగుతుంది.

"అత్తా, కదలొద్దు" అని కిందికి దూకినట్టే దిగింది. రెండు వాటాల మెయిన్ బోర్డూ ఓనరు హాల్లో ఉంది. ఓనరు వాళ్లు కోయిలకుంట్ల పెళ్లికి పోయారు. ఇనుప గ్రిల్లుకు పిడికిలంత తాళం. ఫోన్ చేస్తే పెళ్లిమేళం తప్ప మాట వినపడలేదు. లైన్‌మన్ ఫోన్ ఎత్తలేదు. పైకొచ్చి, మిషన్ వైరు కోసేద్దామని సింకు కింద అల్మారా తలుపు లాగింది. వారంగా కారిన నీళ్లకు చెక్క ఉబ్బి బిగుసుకుంది. పిడి ఊడి చేతిలోకొచ్చింది గానీ తలుపు రాలేదు. నూనె పోసింది, సబ్బు రాసింది. చెయ్యి వేలెడు కూడా కదల్లేదు.

పదకొండూ నలభై తొమ్మిది. శాంతయ్య ఫోన్ ఎత్తి, రైల్వే గేటు పడింది అక్కా అన్నాడు.

జాహ్నవి పొయ్యి గట్టు మీది పట్టకారు తీసింది. రామేశ్వరమ్మకు అర్థమైపోయింది.

"వద్దు" అంది.

"గాజులు పోతే మళ్లీ తొడుక్కోవచ్చు అత్తా."

"ఆయన బల్లమీద ఉండాడు ఇప్పుడు. కోస్తాండారో కుడతాండారో. ఈ గడియలో నా గాజులు పగలగొడతావా? నేను బతికుండంగా ఆ పని జరగదు."

"స్విచ్చి ఏసుందో లేదో తెలీదు. కరెంటొస్తే చెయ్యి నుజ్జవుతాది."

"కానీ. చెయ్యి పోతే పోనీ. నా మొగుడు ఉంటే సాలు."

"నీకేమన్నా పిచ్చా అత్తా?"

రామేశ్వరమ్మ కోడలి చేతి వైపు చూసింది. పట్టకారు పట్టుకున్న ఆ చేతికి మూడేళ్లుగా ఏమీ లేదు.

"అందులోనా నీ చేత్తో వద్దు" అంది, తల తిప్పుకుని.

జాహ్నవికి ఒళ్లంతా మండిపోయింది. ఒక్క క్షణం పట్టకారు అక్కడ పడేసి బాల్కనీలోకి పోయి నిలబడదామా అనిపించింది. వద్దన్నది ఆమేగా, నాకేం? ఎవరడిగినా అదే చెప్పొచ్చు. ఇప్పుడు తాను పగలగొట్టి, అక్కడ మామకు ఏమన్నా అయితే? ఉమామహేశ్వరమ్మ ఊరుకుంటుందా? ఆ మచ్చ ఈ జన్మకు పోదు. మొగుణ్ని తినింది చాలక మామనూ తినిందంటారు. ఎదురు రాకుండా ఇంట్లో పెడితే ఇంట్లో నుంచే చేసిందంటారు.

పదకొండూ యాభై నాలుగు. ఈ కరెంటు వాళ్లు చెప్పిన టైముకు ఎప్పుడన్నా ఇచ్చారా? ఒకసారి గంట ఆలస్యం, ఒకసారి పది నిమిషాల ముందే.

ఆమె సింకు దగ్గరికొచ్చి ఎడమచేత్తో అత్త మోచేతిని ఒడిసిపట్టుకుంది.

"జాహ్నవీ, ఇడ్సు. నీకు దండం పెడతా, ఇడ్సు."

"నీ కొడుకు పోయినప్పుడు నేనూ ఇట్లే దండం పెట్టినా అత్తా. ఈ ఒక్కరోజు ఉండనీమని అడిగినా. నా చెయ్యి ఇట్ల పట్టుకున్నింది నువ్వే. ఆగినావా?"

రామేశ్వరమ్మ మోచెయ్యి లాక్కోవడం మానింది.

జాహ్నవి పట్టకారు మొన రబ్బరు మూతి సందులోకి దూర్చి మొదటి గాజును నొక్కింది. అది చిటుక్కున విరిగింది. రామేశ్వరమ్మ తననే కోసినట్టు మూలిగింది. రెండోది. మూడోది. గాజు పెంకు గుచ్చుకుని నెత్తురు వచ్చింది, నిలబడిన నీళ్లు ఎర్రబడ్డాయి. లోపలున్నవి కనిపించడం లేదు, వేలితో తడిమి పట్టుకోవాలి. ఇప్పుడు కరెంటొస్తే పోయేది ఒక్క చెయ్యి కాదని జాహ్నవికి తెలుసు. అయినా నొక్కుతూనే ఉంది. ఏడు, ఎనిమిది. అత్త ఇప్పుడు వద్దనడం లేదు. కళ్లు మూసుకుని మొగుడి పేరు గొణుక్కుంటోంది. పదోది విరగగానే జాహ్నవి బలమంతా పెట్టి లాగింది. చివరి రెండూ ఆ లాగుడుకు అవే చిట్లాయి. చెయ్యి బయటపడింది. ఇద్దరూ వెనక్కి ఫ్రిజ్‌కు తగులుకుని నేలమీద కూలబడ్డారు.

ఊపిరి తీసుకునేలోపే మిషన్ గర్జించింది. లోపల గాజుపెంకులు టకటకలాడి, నలిగి, నుగ్గయ్యాయి. వారంగా సరిగా దిగని నీళ్లు సుడి తిరుగుతూ బుడబుడమని కిందికి పోయాయి. ఫ్యాను తిరగడం మొదలైంది. గడియారంలో పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలుంది.

జాహ్నవి లేచి స్విచ్చి నొక్కింది. మిషన్ ఆగింది.

రామేశ్వరమ్మ బోసి చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తోంది. అయిదు వేళ్లూ ఉన్నాయి. మణికట్టు చుట్టూ గీతలు, నెత్తురు.

"వద్దని చెప్తి గదే నీకు" అంది. అంతే. అరిచినా బాగుండేదనిపించింది జాహ్నవికి.

అప్పుడు మోగింది అత్త ఫోను. గట్టు మీద, టెంక పక్కన. ఉమామహేశ్వరమ్మ పేరు వెలుగుతోంది. ఇద్దరూ ఫోన్ వైపు చూశారే గానీ ఎవరూ కదల్లేదు. ఒకసారి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మామా, నువ్వు బాగుండు చాలు, నన్నెవరేమన్నా పడతాననుకుంది జాహ్నవి.

రామేశ్వరమ్మ ఎడమచేత్తో ఫోన్ అందుకుని స్పీకరు నొక్కింది.

"అక్కా, ఫోనెత్తవేంది? అయిపాయ. స్టెంటు ఏసినారు. బావ కండ్లు తెరిసి నీళ్లడిగినాడంట."

రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. జాహ్నవి గోడకు తల ఆనించి నిలబడిపోయింది.

"ఏడుస్తాండావా అక్కా? బాగుండాడంటే ఏడుస్తావేంది. ఆ పాపను ఎదురు రానీకుండా ఇంట్లో పెట్టినాం గాబట్టి సరిపాయ."

రామేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఉమా, ఒగ మాట ఇను. నా కుడిచేతికి గాజుల్లేవు. మిషన్లో చెయ్యి ఇరుక్కుంటే పగలగొట్టినాం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆయన లోపల ఉండంగానే."

"ఎవురు పగలగొట్టినారు అక్కా?"

జాహ్నవి కళ్లు దించుకుంది.

"జాహ్నవి. నేనే పగలగొట్టమన్న్యా. నా కోడలు చేత్తోనే కావాలని పగలగొట్టిచ్చుకున్న్యా. ఆమె పగలగొడతాంటే మీ బావ కండ్లు తెరిసినాడు. ఎవురడిగినా ఇదే చెప్పు."

ఫోన్ పెట్టేసింది.

"నువ్వు వద్దంటివి గదత్తా" అంది జాహ్నవి.

"అంటి" అంది రామేశ్వరమ్మ. నెత్తురు కారుతున్న చెయ్యి కోడలి వైపు చాపింది. "గమ్మునుండి గుడ్డ కట్టు."