పలుపు ఇప్పి సూపించు

2008లో నాకు కుప్పంలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ల్యాప్‌టాప్ కొనడానికి నాయనా నేనూ మదనపల్లెలో ఒక షాపుకు వెళ్లాం. మా నాయన నల్లప్ప పుంగనూరు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. షాపులో నోరు తెరవకూడదని బస్సులోనే ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

షాపతను బల్ల మీద నిగనిగలాడుతున్న నల్ల ల్యాప్‌టాప్ చూపించి, ర్యామ్ అనీ హార్డ్ డిస్క్ అనీ ఊదరగొట్టాడు. నేను అన్నింటికీ తల ఊపేశాను. నాయన మాత్రం ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, గోడ దాకా పోయిన ఛార్జర్ వైరు చూపించాడు.

"ముందు ఆ పలుపు ఇప్పప్పా. కట్టేసిన ఎద్దును సూసి ఎవురైనా కొంటారా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. షాపతను నవ్వుతూ వైరు పీకాడు. ల్యాప్‌టాప్ ఠక్కున ఆరిపోయింది. అతని నవ్వు కూడా.

"ఇది షోకేసు పీసు సార్," అని నసుగుతూ లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు. వైరు లేకుండానే ఆన్ చేశాడు. నాయన స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు. గంట గడిచింది. రెండు టీలు అయిపోయాయి.

"ఇంకా ఎంతసేపు సూస్తారు సార్?"

"అది అలిసేదాకా ఈడనే ఉంటానప్పా. మా పాప దీంతో నాలుగేండ్లు సేద్యం సేయాల."

ఈసారి నేను తల ఊపలేదు. ఇంకో స్టూలు లాక్కున్నాను.