ఖాళీ, సగం, పూర్తి

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఊరందరినీ కాలు కదపనివ్వకుండా పైకి పంపించే ఈ మనిషి, తను మాత్రం ఎన్ని అంతస్తులైనా మెట్ల మీదే ఎక్కుతాడు, అదీ ఒక్కో అంగకి రెండేసి మెట్లు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "లిఫ్టులు మీలాంటి సుకుమారులకి" అంటాడు. పెళ్ళై ఇరవై నాలుగేళ్ళయింది. ఈ గొప్ప నేను చుట్టాలందరి దగ్గరా చెప్పుకున్నాను.

ఆ గొప్పే కొంప ముంచింది. ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేసి, అక్కడి వాచ్‌మన్‌తో పందెం వేశాడు. వాచ్‌మన్ లిఫ్టులో, ఈయన మెట్ల మీద. ఈయనే గెలిచాడు. నాలుగో అంతస్తులో ఎవరో బొత్తాం నొక్కి లిఫ్టు ఆపారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. చివరి మెట్టు మీద మోకాలి వెనక ఏదో పటుక్కుమందట. లిఫ్టులో దింపుతానని వాచ్‌మన్ ఎంత బతిమాలినా వినకుండా, యాభై రెండేళ్ల విజేతగారు ఎనిమిది అంతస్తులూ కూర్చుని, మెట్టు తర్వాత మెట్టు జారుతూ దిగారు. మొండితనం అనుకున్నాను.

"కీలు అరిగిపోయింది" అని తీర్పు తనే చెప్పుకున్నాడు. మా అత్తగారు నూనె కాచి, చపాతీ పిండి పిసికినట్టు పిసికారు. సాయంత్రానికి మోకాలు రెండింతలైంది. అప్పుడు ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. నిండా ముప్పై ఏళ్ళు లేని అమ్మాయి.

"ఎముకకీ కీలుకీ ఏం కాలేదండీ. తొడ వెనక కండరం మోకాలి దగ్గర అతుక్కునే చోట కొన్ని పోగులు తెగాయి" అంది. "నాలుగు రోజులు ఐసు, కట్టు, కాలి కింద దిండు. వేడి వద్దు, మర్దన అసలే వద్దు. తర్వాత కొద్దికొద్దిగా పని చెప్పాలి. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందంటే ముందురోజు ఎక్కువ చేసినట్టు."

"నెలన్నరలో నిచ్చెన ఎక్కగలనా?" అన్నాడు ఈయన.

ఆ ప్రశ్నకి కారణముంది. నెలన్నరలో ఆ భవనం లిఫ్టుకి ఏటేటా జరిగే తనిఖీ. మెకానిక్ స్వయంగా ఇన్‌స్పెక్టరుతో పైకి వెళ్ళి, ఇనుప నిచ్చెనెక్కి, మెషిన్ గదిలో సంతకం పెట్టాలి. రాలేకపోతే ఆ లిఫ్టు మా అక్క మొగుడి చేతికి పోతుంది. ఆయనా లిఫ్టు మెకానిక్కే, ఎప్పట్నుంచో దాని మీద కన్నేసి ఉంచాడు. పరామర్శకని వచ్చి, కాలు చూడకుండా గోడ మీది కేలండరు చూసి వెళ్ళాడు. ఆ లిఫ్టు పోతే మా ఆయన మనిషిగా మిగలడు, నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా దాన్ని కన్నబిడ్డలా సాకాడు.

మూడోరోజు కాస్త నొప్పి తగ్గింది. నయమైపోయిందని డాబా మీదికి ఎక్కాడు, మళ్ళీ పట్టేసింది. దాంతో అటు కొస నుంచి ఇటు కొసకి వచ్చాడు. పదిరోజులు మంచం దిగలేదు. టీ మంచం దగ్గరికే, పేపరు మంచం దగ్గరికే. "పూర్తిగా పడుకోబెడితే ఉన్న బలం కూడా పోతుందండీ" అని ఫిజియో అమ్మాయి ఫోనులో మొత్తుకుంది. వినేవాడేడీ?

ఇక లాభం లేదని ఆయన పని పుస్తకం తీశాను. బాగుచేసిన లిఫ్టుని ఆయన ఒకే పద్ధతిలో పరీక్షిస్తాడు. ముందు ఖాళీగా నడుపుతాడు. తర్వాత సగం బరువు ఇసుక బస్తాలు పెడతాడు. ఆ తర్వాత పూర్తి బరువు. ఎక్కడ శబ్దం వచ్చినా ఒక మెట్టు వెనక్కి. అది రాసుకున్న కాగితం చింపి గోడకి అంటించి, పక్కనే నేను రాశాను. ఖాళీ: పడుకుని మడమ ముందుకీ వెనక్కీ జరపడం. సగం: రెండు కాళ్ళ మీద నడుం పైకెత్తడం. పూర్తి: ఒక్క మెట్టు ఎక్కి దిగడం.

"ఇది నా చేతిరాత" అన్నాడు.

"కాలు కూడా మీదే."

ఆ రోజు నుంచి బుద్ధిగా చేశాడు. పొద్దున్నే లేచి నొప్పి ఎంతుందో పుస్తకంలో రాసుకునేవాడు. తనిఖీకి ముందురోజు ఫిజియో అమ్మాయి కాలు వంచి చూసి, నిచ్చెన పది మెట్లూ నెమ్మదిగా ఎక్కొచ్చంది. "ఎనిమిది అంతస్తులు మాత్రం వద్దు. లిఫ్టుంది కదండీ." ఈయన ముఖం ఎందుకు మాడిపోయిందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు సంచీ మోయడానికి నేనూ వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు అప్పటికే పైకి వెళ్ళాడు. దారిన పోతూ ఆగినట్టు మా బావగారు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఈయన కదల్లేదు. తలుపు మూసుకుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే.

"మెట్లెక్కుతాను" అన్నాడు.

"మళ్ళీ తెగుతుంది."

గొంతు తగ్గించాడు. "లిఫ్టు పెట్టె మీద నిలబడి ఎంతసేపైనా తిరుగుతాను. అక్కడ తాళ్ళు కనపడతాయి. లోపల నిలబడి తలుపు మూస్తే ఏదీ కనపడదు. పనిలో చేరిన కొత్తలో మూడు గంటలు ఇరుక్కుపోయాను. అప్పట్నుంచీ ఎక్కలేదు."

నాకు ముందు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఒక భయాన్ని పౌరుషమని నమ్మించినందుకు. తర్వాత ఆ మనిషి కూర్చుని జారుతూ దిగిన ఎనిమిది అంతస్తులు గుర్తొచ్చాయి.

"ముందు తలుపు తెరిచే ఉంచుదాం. లోపలికి వచ్చి నిలబడండి, చాలు" అన్నాను. నిలబడ్డాడు. "ఇప్పుడు ఒక్క అంతస్తు." నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాడు. దిగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒక్క అంతస్తు. అలా అంతస్తు అంతస్తుకీ ఆగుతూ ఎనిమిదోదానికి చేరాం. తలుపు మీది అంకెలు చూస్తూ నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటాడేమో అనుకుంటే, కరచాలనం చేశాడు. "ప్రతి అంతస్తులోనూ ఆపి చూసే మెకానిక్‌ని ఇప్పుడే చూస్తున్నానండీ."

ఈయన ఆ మెప్పు పుచ్చుకుని ఊరుకోవచ్చు. "ఐదో అంతస్తు దగ్గర చిన్న కుదుపుంది సార్. పెట్టె మీద నిలబడి నెమ్మదిగా నడిపితే ఇన్నేళ్ళూ తెలియలేదు. లోపల ఉంటేనే తెలిసింది" అన్నాడు. నాకు కింద కుర్చీలో ఉన్న బావగారే కళ్ళముందు మెదిలారు. ఇన్‌స్పెక్టరు సంతకం వారం వాయిదా వేసి, కుదుపు ఈ మెకానిక్కే సరిచేయాలని కాగితం మీద రాశాడు. నిచ్చెన పది మెట్లూ ఈయన నెమ్మదిగా, ఒక్కొక్కటే ఎక్కాడు.

దిగేటప్పుడు లిఫ్టు ముందు నా చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. "నువ్వు మెట్ల మీద రా" అన్నాడు.

తలుపు మూసుకుంది. నేను ఎనిమిది అంతస్తులూ పరిగెత్తుకుంటూ దిగాను. కిందికి వచ్చేసరికి ఆయన తలుపు బయట నిలబడి ఉన్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. బావగారి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఓడిపోయావు" అన్నాడు మా ఆయన.