నీళ్ళబండిలో లేని పాట

మొదటి ఆల్బమ్‌లో నాలుగో పాట చివర గిటారును అంతసేపు సాగదీయకుండా ఉంటే దానికి వంక పెట్టేవాడు ఇవాళ్టికీ ఉండేవాడు కాదు, పాట అయిపోయిందని అందరికీ తెలుసు, వాయించే నరేందరన్నకు తప్ప, పెరుగన్నం కలుపుకున్నవాడి విస్తరిలో మళ్ళీ పులిహోర వడ్డించినట్టు ఉంటుంది, అనుకుంటూ రంజిత్ ఉప్పల్ రింగురోడ్డులో ఎక్కిన షేర్ ఆటోలో ఒక మోకాలు లోపల, ఒక మోకాలు బయట పెట్టుకుని కూర్చున్నాడు, మెట్రో కోసం తవ్విపోసిన మట్టి దుమ్ములా లేచి నోట్లో పడుతోంది, ఈ పులిహోర మాట తను బ్యాండు పేజీలో రాసినప్పుడు ఎంతమంది నవ్వుకున్నారో, నరేందరన్న మాత్రం నువ్వన్నది కరెక్టేరా అని తర్వాతి కచేరీలో ఆ ముక్కను సగానికి కోసేశాడు, అప్పటినుంచే కదా తన మాటకు అక్కడ ఒక విలువ వచ్చింది, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడిన రేకుల షెడ్డులో పుట్టిన బ్యాండు, పేరు కూడా షెడ్ నైన్, నరేందర్ పాడుతూ గిటారు వాయిస్తాడు, తేజేష్ బేస్ వాయిస్తాడు, డ్రమ్ములవాడు ఏడాదికొకడు మారతాడు, మారనివాడు తనొక్కడే, ఏ వాద్యమూ చేతకాని అభిమాని, మొదటి ఆల్బమ్ పేరు తుప్పు, అది వచ్చినప్పుడు డ్రమ్ముల మోత రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుందని కొందరు ఈసడిస్తే, అదే దాని ప్రాణమని కొట్లాడినవాడు తను, రెండోది పవర్ కట్, దాన్ని స్టూడియోకు పోయి చేశారు, అంతా నున్నగా చెక్కేశారు, మూడో పాటలో ఆ కీబోర్డు ఎందుకో, పల్లవిలో ఆ ఇంగ్లీషు ముక్క ఎందుకో, ఆల్బమ్‌లో మొదటి పాట గల్లా పట్టుకోవాలి, చివరి పాట మెల్లగా చెయ్యి వదలాలి, పవర్ కట్‌లో అది తిరగబడింది, జోలపాటలాంటి దానితో మొదలుపెట్టి కేకలతో ముగించారు, ఇక మూడోది, మూడోది అనుకోగానే అతని ఆలోచన జారిపోయి మళ్ళీ మొదటి ఆల్బమ్ మీదికే పోయింది, నాలుగో పాట చివర గిటారు, అది అయిపోయింది కదా, మూడోది నీళ్ళబండి, డిస్కులు అచ్చయి నిన్ననే వచ్చాయి, పొద్దున నరేందరన్న ఫోన్ చేసి అమ్మ నాటుకోడి వండుతున్నది, పాటలు తెలిసిన పిలగాడు తప్పకుండ రావాలె అన్నది అని చెప్పాడు, నరేందరన్న రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పేవాడే, అమ్మ రమ్మన్నది, ఆమెకు ఏ సాకూ చెప్పలేకపోయాడు, ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, తెలంగాణ ఇచ్చుడు ఈసారి పక్కానేనంట గద అన్నా, అన్నాడు, ఇస్తరంట, అన్నాడు రంజిత్, ఆటోలో ఇస్తరంట, హబ్సిగూడ ఆఫీసులో ఇస్తారట, రెండు మాటలూ ఒకే నోట్లో పక్కపక్కనే ఉంటాయి, ఎక్కడ ఏది తీయాలో ఇన్నేళ్ళలో ఆ నోటికి బాగా అలవాటైపోయింది.

నరేందర్ వాళ్ళ ఇల్లు ఫ్యాక్టరీ గోడ వెనక సందులో, తలుపు దగ్గర చెప్పులు విడుస్తుండగానే మసాలా వాసన ఎదురొచ్చింది, వచ్చినవా బిడ్డా, ఎండల వడి వచ్చినవ్, గా ఫ్యాను కింద కూసో, అన్నది సారలమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, నరేందర్ తల్లి, ఆలేరు అవతలి ఊరి నుంచి వచ్చి ఇక్కడి ప్యాకింగ్ కంపెనీలో పెట్టెలకు టేపులు అంటించి కొడుకును పెంచిన మనిషి, రంజిత్ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాడు, అచ్చం తన తల్లి మాటే ఆమెది, రంజిత్ వాళ్ళమ్మది మోత్కూరు, ఇద్దరూ ఉప్పును కూడా ఒకే తీరుగా పలుకుతారు, గోడకు ఆనుకుని కూర్చున్న తేజేష్ రా అన్నట్టు తల ఊపాడు గానీ కళ్ళు కలపలేదు, నరేందర్ నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు, మంచం మీద కొత్త డిస్కుల కట్ట, పైన అట్ట మీద నీలంరంగు ట్యాంకరు, దాని చుట్టూ వరసగా ప్లాస్టిక్ బిందెలు, చాలా బాగా వచ్చింది బొమ్మ, బొమ్మ గురించి మాట్లాడదామని రంజిత్ నోరు తెరిచాడు, అక్షరాలు ఇంకొంచెం పెద్దగా ఉండాల్సింది అనబోయాడు, అంతలో సారలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఒక డిస్కును తీసుకుని, పసిపిల్ల ముఖం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతకు నా పాట ఏ నంబర్ల వెట్టిన్రు బిడ్డా, అని అడిగింది, నాకా సదువు రాకపాయె, నంబరు జెప్తే డబ్బల ఏసి గదే ఒత్తుకుంట, పక్కింటోళ్ళు పొద్దటిసంది అడుగుతున్నరు, అన్నది.

నరేందర్ తలెత్తి కిర్రుకిర్రుమంటున్న ఫ్యాను వైపు చూశాడు, చెప్పలేదన్నమాట, నరేందరన్న ఇంకా చెప్పలేదు, ఆల్బమ్ పేరు ఆమె పాటలోదే, నీళ్ళబండి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చున్న ఆడవాళ్ళ మధ్య ఆమె అల్లిన పాట, ఒకరోజు షెడ్డుకు అన్నం తీసుకొచ్చినప్పుడు కొడుకు అడిగితే మైకు ముందు నిలబడి సిగ్గుపడుతూ పాడింది, నీళ్ళబండి రాకపాయె, నిద్రవోయె నా బిందె, లేపకుండ్రి వదినల్లారా, కలల చెర్వు నిండుతాంది, అంతే, ఆ నాలుగు ముక్కలే తిప్పి తిప్పి పాడింది, కింద తేజేష్ బేస్ తీగ ఒక్కటే నడిచింది, మధ్యలో ఆమెకు దగ్గు వచ్చింది, దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది, అది విన్నప్పుడు షెడ్డు మూలన కుర్చీలో కూర్చున్న రంజిత్‌కు వీపంతా జలదరించింది, ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాడు, కచ్చా రికార్డింగు ఫోన్‌లోకి ఎక్కించుకున్నది కూడా దానికోసమే, అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, మర్నాడు ఆఫీసులో క్యాంటీన్ బల్ల దగ్గర టీమ్ లీడ్ ధనశ్రీ, ఎప్పుడూ అదే బ్యాండు అంటారు కదా, ఏదీ వినిపించండి, అని ఒక హెడ్‌ఫోను చెవిలో పెట్టుకుంది, తనెంత గర్వంగా ఆ పాటే పెట్టాడో, ఆమె రెండు క్షణాలు విని, కళ్ళు పెద్దవి చేసి, ఇదెవరండీ, మీ పనిమనిషా, అంది, ఆమె మనసులో విషం లేదు, నిజంగా అనుకున్నదే అంది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, వాళ్ళు నవ్వారు సరే, తను, తను కూడా నవ్వాడు, అందరికంటే ఒక పాలు ఎక్కువే నవ్వాడు, అవునండీ, ఏదో సరదాకు పాడించారు, అది ఆల్బమ్‌లో ఉండదు లెండి, అన్నాడు, ఉండదు లెండి, ఆ మాట నోట్లోంచి వచ్చిన తర్వాత ఇక దాన్ని నిజం చేయాలి కదా, అందుకని ఆ వారం షెడ్డులో పాటల వరస ఖాయం చేసేటప్పుడు, అన్నా, ఈ పాట మిగతావాటితో కలవదు, వేగం పడిపోతుంది, వెనక గరగర ఉంది, ఆ దగ్గు ఒకటి, బయటోళ్ళు నవ్వుతరు, అని ఎంత నింపాదిగా, ఎంత తెలిసినవాడిలా చెప్పాడు, మెల్లని పాటను మొదట పెట్టడం పవర్ కట్‌లో చేసిన తప్పే కదా అని కూడా గుర్తుచేశాడు, తేజేష్, కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ అబ్బాయి, ఏ వాదనకూ రాని తేజేష్ ఒక్కడే అడ్డం పడ్డాడు, అది తీసేస్తే ఇంకేం మిగిలిందిరా ఇందులో, నాకు అర్థమైన ఒక్క పాట అదే, అన్నాడు, నరేందర్ తీగలు బిగిస్తూ, అమ్మ పాట గదా, నాకు మంచిగనే వినవడ్తది, నాకు తెలుస్తలేదు, రంజిత్ చెప్తే ఉంటది ఏదో, అన్నాడు, ఉంటది ఏదో, అవును ఉంది, క్యాంటీన్ బల్ల ఉంది, అది మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు తేజేష్ లేచి కిటికీ తెరిచాడు, నరేందర్ గొంతు సవరించుకుని, అమ్మా, నీ పాట ఇందుల లేదే, వచ్చే దాంట్ల పెడ్తున్నం, అన్నాడు, అట్లనా, అన్నది సారలమ్మ, డిస్కును మంచం మీద మెల్లగా పెట్టింది, మంచిగ రాలేదా, అని అడిగింది, మంచిగనే వచ్చిందమ్మా, జాగ సరిపోలే, నేనే తీసేసిన, అన్నాడు నరేందర్, నేనే అన్నాడు, తల్లి ముందు ఆయన రంజిత్ తప్పును తన నెత్తిన వేసుకుంటున్నాడు, రంజిత్ వైపు ఒక్క చూపు కూడా చూడకుండా, సారలమ్మ కొడుకు మాట నమ్మినట్టు లేదు, రంజిత్ వైపు తిరిగి, నువ్వు జెప్పు బిడ్డా, నువ్వు పాటలు తెలిసినోనివి, నా గొంతు బాగ లేదా, అని అడిగింది, అడగడంలో కోపం లేదు, డాక్టరును అడిగినట్టు అడిగింది, బాగుంది పెద్దమ్మా అనేస్తే అయిపోతుంది, అయిపోతుందా, బాగుంటే ఎందుకు లేదు అనే ప్రశ్న ఆమె అడగకపోయినా ఆ గదిలో నిలబడే ఉంటుంది, నరేందరన్న నెత్తి మీద నిలబడుతుంది, తేజేష్ కిటికీ దగ్గర వీపు చూపించి నిలబడ్డాడు, ఆ వీపు కూడా వింటోంది, నేనే వద్దన్న పెద్దమ్మా, అన్నాడు రంజిత్, అన్నది అంతే, ధనశ్రీ గురించి, నవ్వు గురించి చెప్పలేదు, ఎట్లా చెబుతాడు, నీ గొంతు విని ఒకామె పనిమనిషి అన్నది, నేను అవునన్నాను అని ఎట్లా చెబుతాడు, అన్నానికి పిలిచిన మనిషికి, చెప్పనవసరం కూడా లేకపోయింది, ఆమె ముఖం ఒక్క క్షణం ఖాళీ అయి, మళ్ళీ ఎప్పటిలా సర్దుకుంది, మంచిగ జేసినవ్ బిడ్డా, నేను గప్పుడే అన్న మావోనికి, నాకెందుకురా పాట, పదిమందిల నవ్వులపాలు గానీకా అని, నీకు తెలుసు గాబట్టి ఆపినవ్, అన్నది, తనను ఓదారుస్తోంది, తప్పు చేసిన తనను, లేవున్రి, అన్నం సల్లారుతుంది, అన్నది.

అన్నం తిన్నారు, రంజిత్ కంచంలో ఆమె లివరు ముక్క ఏరి వేసింది, పాటలు తెలిసిన పిలగానికి, అన్నది, ఎత్తిపొడుపు ఏమన్నా ఉందా అని వెతికాడు, లేదు, ఉంటే బాగుండేది, తిట్టి ఉన్నా, కంచం లాగేసుకుని ఉన్నా నయమే, నరేందర్ పాటల ఊసు ఎత్తకుండా మల్లాపూర్ రోడ్డు గుంతల గురించి మాట్లాడుతున్నాడు, తేజేష్ ఊఁ కొడుతున్నాడు, ఈ ముగ్గురూ షెడ్డులో ఎన్ని మధ్యాహ్నాలు పాటల వరస మీద గొంతులు చించుకున్నారో, ఇవాళ కొత్త ఆల్బమ్ మంచం మీద పడి ఉంటే గుంతల గురించి మాట్లాడుకుంటున్నారు, తనకు బ్యాండు అంటే ప్రాణం అని అందరికీ చెప్పుకున్నాడు, ఏ పాట ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ అబద్ధం పలికిందో పేజీల కొద్దీ రాశాడు, పల్లవిలోని ఇంగ్లీషు ముక్కను వెక్కిరించాడు, వాళ్ళు ఎవరి మెప్పుకోసమో తమ గొంతు మార్చుకుంటున్నారని పవర్ కట్ మీద రాసిన వాక్యం తనదే, ఆఫీసులో ఉన్నప్పుడు తన అమ్మ ఫోన్ చేస్తే లిఫ్టు పక్కకు పోయి గొంతు తగ్గించి మాట్లాడేది కూడా తనే, అమ్మ ఒకసారి అడిగింది, గట్ల గుసగుస పెడ్తవేందిరా, దొంగతనం జేసినవా అని, నవ్వేసి ఫోన్ పెట్టేశాడు, ఆమె నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

చెయ్యి కడుక్కోవడానికి వెనకవైపు పెరట్లోకి పోయాడు, నరేందర్, తేజేష్ ఇంకా లోపలే ఉన్నారు, సారలమ్మ అప్పటికే పీట మీద కూర్చుని ఇటు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది, పీచు గరగర మధ్య సన్నగా ఏదో వినపడింది, ముందు పక్కింటి రేడియో అనుకున్నాడు, కాదు, లేపకుండ్రి వదినల్లారా, ఆమే, పాడుతున్నట్టు ఆమెకే తెలియనట్టు పాడుతోంది, మైకు ముందు పాడినదానికంటే కిందికి ఉంది గొంతు, కలల చెర్వు దగ్గర ఒక చిన్న వంపు కొత్తగా చేరింది, ఎంత బాగుంది ఆ వంపు, అది రికార్డింగులో లేదు, దాన్ని ఎవరూ విని ఉండరు, తీసేయమన్నందుకు, కనీసం ఇప్పుడన్నా, పాడు పెద్దమ్మా అందాం, తేజేష్‌ను పిలిచి ఫోన్‌లో పట్టుకోమందాం, డిస్కు మళ్ళీ అచ్చు వేయిద్దాం, మొదటి పాటగా పెడదాం, గల్లా పట్టుకోకపోతే పోయింది, అని ఒక అడుగు ముందుకు వేశాడు, తడి బండ మీద కాలు చప్పుడైంది, ఆమె తల తిప్పి అతన్ని చూసింది, చూసి, పాట సగంలో ఆపేసి, బూడిద అంటిన చేతి మణికట్టును నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుగా నవ్వింది, నువ్వున్నవా బిడ్డా, సూడనే లేదు, ఏదో ఊకె, అన్నది, అని పక్కకు జరిగి మగ్గుతో అతని చేతుల మీద నీళ్ళు పోసింది, పాడు పెద్దమ్మా, అని గొణిగాడు రంజిత్, ఇప్పుడెందుకు బిడ్డా, అన్నది ఆమె, తప్పు పట్టకుండా, తప్పించుకుంటూ, నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి, ఈ మనిషి కంపెనీలో టేపులు అంటిస్తూ పాడింది, బిందెల వరసలో పాడింది, కొడుకు ముందు, తేజేష్ ముందు, ఎవరు వస్తున్నా ఎవరు పోతున్నా పాడింది, దగ్గు వస్తే దగ్గి మళ్ళీ అందుకుంది, డిస్కులు మళ్ళీ అచ్చు వేయించవచ్చు, పాట మళ్ళీ చేర్చవచ్చు, అవన్నీ అయ్యే పనులే, కానీ ఇక మీదట ఆమె పాడుతూ ఉండగా తను గుమ్మంలోకి వస్తే ఆమె నోరు మూసుకుంటుంది, ఒక మనిషి అలికిడికి తన పాట ఆపుకోవాలని ఆమెకు ఇవాళే తెలిసింది, నేర్పింది తనే.