అరవని సైలెన్సర్

ఏడాదిపాటు షెడ్డులో వెల్డింగు పొగ మింగుతూ ఆమె తయారుచేసింది ఒకే ఒక్క సైలెన్సర్. అది తగిలిస్తే ఏ బండైనా ఎత్తు మీద గేరు తగ్గించకుండా లాగేస్తుంది. చప్పుడు మాత్రం చేయదు. అదే దాని పాపమైపోయింది. ఈ బైకు పిచ్చోళ్లు వేగాన్ని చెవులతో కొలుస్తారు మరి!

ఆ రోజు బైకు క్లబ్బు పెద్ద తన జట్టును వెంటేసుకుని వచ్చాడు. నచ్చితే జట్టు మొత్తానికీ అదే బిగిస్తారట. ఆ ఆర్డరు రాకపోతే షెడ్డుకు తాళమే. అతను ముందురోజే వదిలివెళ్లిన బండికి ఆమె తమ్ముడు సైలెన్సర్ బిగించి సిద్ధంగా ఉంచాడు.

క్లబ్బు పెద్ద దాన్ని స్టార్టు చేశాడు. వీధి అదిరిపోయింది. జట్టంతా ఈలలు వేసింది. ఆమెకు ఒళ్లు మండింది. తను చేసినది అలా అరవదు. తమ్ముడి వైపు చూస్తే, వాడు మెరుస్తున్న స్పానరునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

"ఏం చేశావురా?"

"లోపలి గొట్టం కాస్త కోశానక్కా. వాళ్లకి కావాల్సింది మోతేగా."

"ఆ పొడవు కుదరడానికే నాకు ఏడాది పట్టింది. ఇప్పుడిది ఎత్తు మీద చతికిలబడుతుంది."

"వాళ్లకి తెలీదులే."

"నాకు తెలుసు కదరా!"

క్లబ్బు పెద్ద ఒక చుట్టు తిరిగొచ్చి దిగాడు. "అదరగొట్టేశారక్కా! అందరికీ ఇదే చేసివ్వండి."

ఆమె మందపాటి తొడుగులేసుకుని వేడి సైలెన్సర్‌ను విప్పింది. బల్ల మీద బిగించి, కటింగ్ మిషనుతో రెండు ముక్కలు చేసింది.

"మీకేమైనా పిచ్చా?" అన్నాడు పెద్ద.

"ఇది చెడిపోయింది. నాది కావాలంటే వేరేది చేసిస్తాను. అది అరవదు, లాగుతుంది. అరుపే కావాలంటే బజారులో బోలెడు దొరుకుతాయి."

"అంటే ఆర్డరు వద్దా?"

"మోసం చేసి తీసుకునే ఆర్డరు వద్దు."

క్లబ్బు పెద్ద తన పాత సైలెన్సర్ బిగించుకుని విసవిసా వెళ్లిపోయాడు. వెనకే జట్టూ వెళ్లింది. ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం. అయినా వెనక్కి పిలవాలనిపించలేదు.

తమ్ముడు ఆ ముక్కల్ని తీసి పక్కన పెట్టాడు. తర్వాత మూల నుంచి కొత్త గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎంత పొడవు కోయాలక్కా?"

"కోసేముందు అడగాల్సిన మాటరా అది," అంటూ టేపు వాడి చేతిలో పెట్టింది.